నిద్ర లేచిందా... ఇప్పుడే పుట్టిందా?

రాత్రంతా కుండపోత. తెల్లారి చూస్తే బ్యాటరీతో నడిచే రెయిన్ గేజ్ మాత్రం 0.2 మిల్లీమీటర్లే అంటోంది! అందులోని చిప్ పాడవలేదు. తాను నిద్రలేచిందో, ఇప్పుడే పుట్టిందో దానికి తెలియలేదంతే!

ఆ చిప్‌నే మైక్రోకంట్రోలర్ అంటారు. 2016లో వచ్చిన ఈఎస్‌పీ32 సంగతే చూద్దాం. పనిలేనప్పుడు అది గాఢనిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు సుమారు 10 మైక్రోఆంపియర్ల కరెంటు చాలు. గేజ్‌లోని బుల్లి దొప్ప నిండి ఒరిగినప్పుడల్లా, అంటే 0.2 మిల్లీమీటర్ల వాన పడినప్పుడల్లా, మెలకువ వస్తుంది. అయితే మనలా వదిలేసిన చోటి నుంచి పని అందుకోదు. ప్రధాన మెమరీ తుడిచిపెట్టుకుపోయి, ప్రోగ్రామ్ మొదటి నుంచీ నడుస్తుంది. అక్కడ 'లెక్క సున్నా చెయ్యి' అని ఉంటే... కథ మళ్లీ మొదటికే!

మరి ఉపాయం? చిప్ లేవగానే తనను లేపిందేమిటో ఓ మూల గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు కొత్తగా వచ్చిందా, నిద్రలోంచి లేచిందా, బ్యాటరీ నీరసించి వోల్టేజీ పడిపోయిందా... దేని గుర్తు దానిదే. ప్రోగ్రామ్ ముందుగా ఆ గుర్తు చూడాలి. కొత్తగా కరెంటు వస్తే లెక్క సున్నా నుంచి. నిద్రలోంచి లేస్తే, గాఢనిద్రలోనూ చెరగని 8 కిలోబైట్ల చిన్న మెమరీలోంచి పాత లెక్క తీసి ఒకటి కలపాలి.

బ్యాటరీ మార్చినా పాత లెక్క కావాలంటారా? అప్పుడప్పుడూ ఫ్లాష్ మెమరీలో రాసిపెట్టాలి. ఎన్నిసార్లు రాయొచ్చన్నదానికి అక్కడ హద్దుంది కాబట్టి, దొప్ప ఒరిగినప్పుడల్లా కాదు... రోజుకోసారి చాలు. మీ పిల్లలు ఇలాంటి గేజ్ తయారుచేస్తుంటే, ఈ రెండు జాగ్రత్తలూ చెప్పండి మరి!