పెట్టేది మడత... పడేది ముడత!

కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటున్న ఏ పాపనైనా అడిగి చూడండి... దుస్తులకు ముందువైపు కుట్టేవాటిని ఏమంటారని. ‘కుచ్చిళ్లు’ అని ఠక్కున చెప్పేస్తుంది. అరమండిలో నిలవగానే విసనకర్రలా విచ్చుకునేవి అవే. మరి ఇంగ్లిషులో? అక్కడే తడబాటు. నోటికొచ్చిన ‘రింకిల్స్’ అనేస్తారు కొందరు. విదేశంలో ఉన్న శిష్యురాలికి ఫోన్లో ‘రింకిల్స్ సరిచేసుకో’ అని చెప్పారనుకోండి, ఆ అమ్మాయి ఇస్త్రీపెట్టె తీస్తుంది. ఇంకేముంది, విచ్చుకోవాల్సిన కుచ్చిళ్లు అణిగిపోతాయి!

ఈ చిక్కు విప్పే కిటుకు మన తెలుగులోనే ఉంది. మడత ‘పెడతాం’. ముడత ‘పడుతుంది’. కుచ్చిళ్లు ‘పోస్తాం’. కావాలని దుప్పటికి పెట్టేది ఫోల్డ్. వద్దన్నా బట్టమీదో, చర్మంమీదో పడేది రింకిల్. వరసగా, సమానంగా పోసేవి ప్లీట్స్. నలిపి ఉండచుట్టిన కాగితం క్రంపుల్ అయినట్టు. ప్యాంటుకు ఇస్త్రీతో తెచ్చే నిలువుగీత క్రీజ్. క్రికెట్లో బ్యాట్స్‌మన్ నిలబడే గీతకూ అదే పేరు.

నుదుటిమీది లోతైన గీత ఫరో. నాగటిచాలునూ ఇంగ్లిషువాళ్లు అలాగే అంటారు. డెల్టా రైతుబిడ్డలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కంటి కొసల్లోని సన్నని ముడతలేమో వాళ్లకు ‘కాకి పాదాలు’... క్రోస్ ఫీట్!

చైనావాళ్లది మరో తంటా. చర్మం ముడతపడినా, బట్ట నలిగినా, నొసలు చిట్లించినా వాళ్లు ‘జౌ’ అన్న ఒక్క మాటతోనే నెట్టుకొస్తారు. ఇంగ్లిషు నేర్చుకునేటప్పుడు దాన్ని మూడుగా విడదీసుకోవాల్సిందే.

కోపమొస్తే మనం కనుబొమలు ముడివేస్తాం, ఇంగ్లిషువాళ్లు అల్లుతారు... నిట్. నాట్యశాస్త్రం కనుబొమలకు ఏడు కదలికలు చెప్పింది. వాటిలో కోపానిది భ్రుకుటి. భామాకలాపంలో సత్యభామ అలక చూసినవారికి ఆ ముడి బలమేంటో తెలుసు. ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణశర్మ ఆ పాత్రతోనే ప్రేక్షకుల మనసుల్లో నిలిచిపోయారు.

పాత్ర కోసం ముడిచిన నొసలు తెర పడగానే విప్పుకుంటుంది. వయసు వేసిన ముడత మాత్రం ఏ ఇస్త్రీకీ లొంగదు. ఈ ఆదివారం పిల్లలకు ‘ప్లీట్స్’ నేర్పండి. పనిలో పనిగా కుచ్చిళ్లు పోయడం ఎలాగో బామ్మను చూపించమనండి. మాటా మిగులుతుంది, పనీ వస్తుంది.