బుడమేరు వేళ చెప్పండి
సిగ్నల్ దగ్గర అంకెలు మూడు, రెండు, ఒకటి అని తగ్గుతుంటే పచ్చదీపం పడకముందే మన చెయ్యి ఆక్సిలరేటర్ మీదికి పోతుంది. వేళ తెలిస్తే ఒళ్లు ముందే సిద్ధమవుతుంది. ఊరూ అంతే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి; 70 గేట్లూ ఎత్తారు. ఎగువన సాగర్, పులిచింతల జలాశయాల నీటి లెక్కలు చూసి కృష్ణమ్మ రాకను చాలావరకు ముందే పసిగట్టగలం. ముందురోజే విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగు విషయంలో ఆ వీలు దక్కలేదు. మంచం దిగితే కాళ్ల కింద నీళ్లు! అక్కడి జనం కదలడంలో ఆలస్యం చేశారనడం అన్యాయం, వాళ్లకు వేళే అందలేదు. బుడమేరు గండ్లు పూడిస్తే సరిపోదు. ఎగువన వెలగలేరు దగ్గర నీరెంతుందో, ఏ వీధికి ఎన్ని గంటల్లో చేరుతుందో ప్రతి ఇంటి ఫోనుకూ చెప్పండి.