పికప్ కొనే చీజ్ కాదు, జోడీ కుదిర్చే హునర్

గల్ఫ్‌కి పోయిన మన పిల్లల్లో చాలామంది ఏదో ఒక షెడ్డులో ఉన్నారు. అక్కడ షెడ్డు అనరు, ‘సనయ్యా’ అంటారు. షార్జా సనయ్యాలో ఇంజన్లు దింపేవాళ్ల మధ్య ఓ పావుగంట నిలబడి వింటే ఉర్దూ, మలయాళం, పష్తూలతో పాటు మన కడప తెలుగు కూడా వినపడుతుంది. ఆ షెడ్లలోంచే ఒక మాట వాట్సాప్ ఎక్కి ఇక్కడి ఇళ్లదాకా వచ్చింది. ‘టార్క్ కన్వర్టర్ మార్పిస్తే ఆటోమేటిక్ బండి పికప్ ఎక్కడికో పోతుందంట అబ్బా, డబ్బులియ్యి’ అని కొడుకు అడుగుతున్నాడు. అబ్బాకి అదేంటో తెలీదు. అమ్మీకి అంతకన్నా తెలీదు. తెలీని చీజ్‌కి హా అన్నా కష్టమే, నా అన్నా కష్టమే.

నా మాట ముందే చెప్పేస్తాను. కన్వర్టర్ మార్చడం అన్ని బండ్లకీ ఫిజూల్ ఖర్చు కాదు. కొన్ని బండ్లకి అదే అసలు ఇలాజ్. కానీ అది తాకత్ ఇచ్చే పార్ట్ కాదు, జోడీ కుదిర్చే పార్ట్. ఇంజను, క్రౌను, టైరు, నడిపే దారి. ఈ నాలుగింటి హిసాబ్ చూడకుండా డబ్బా మీద పెద్ద నంబరు చూసి కొన్న కన్వర్టర్, పెట్రోలు డబ్బుతో ఆయిల్ కాచే దేగ్చీ తప్ప ఇంకేం కాదు.

ముందు చీజ్ ఏంటో చూద్దాం. మాన్యువల్ బండిలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ జాగాలో గుమ్మడికాయలాంటి గుండ్రటి ఇనప డబ్బా ఉంటుంది. లోపలంతా ఆయిల్. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఇక్కడ గాలికి బదులు ఆయిల్, అంతే తేడా. ఇంజన్‌తో పాటు తిరిగే రెక్కలు ఇంపెల్లర్. ఆయిల్ దెబ్బకి తిరిగి గేర్‌బాక్స్‌ని తిప్పే రెక్కలు టర్బైన్. రెండింటి మధ్యలో స్టేటర్ అనే చిన్న రెక్కల చక్రం. టర్బైన్‌ని కొట్టి వెనక్కొచ్చే ఆయిల్ ఇంపెల్లర్‌కి ఎదురు రాకుండా, దాని దారి మళ్లించి మదద్‌గా పంపేది ఈ స్టేటరే. బండి లేచే క్షణంలో ఇంజన్ టార్క్ దాదాపు రెండింతలై గేర్‌బాక్స్‌కి చేరుతుందంటే ఆ కమాల్ దానిదే. బండి రఫ్తార్ అందుకునే కొద్దీ ఆ రెట్టింపు తగ్గిపోతుంది.

దీని తారీఖ్ కూడా ఒక ముక్క తెలుసుకోవాలి. జర్మనీలో హెర్మన్ ఫ్యోటింగర్ అనే ఇంజనీర్ 1905లో పేటెంట్ తీసుకుంది కార్ల కోసం కాదు, ఓడల కోసం. స్టీమ్ టర్బైన్ మహా జోరుగా తిరుగుతుంది. ఓడ కింద నీళ్లు తోసే పంఖా నెమ్మదిగా తిరగాలి. ఆ ఇద్దరికీ జోడీ కుదర్చడానికి పుట్టింది ఇది. తర్వాత చాలా ఏళ్లకి, 1948లో, అమెరికాలో బ్యూక్ కంపెనీ డైనాఫ్లో పేరుతో కార్లలోకి తెచ్చింది. పుట్టినప్పటినుంచీ దీని పని ఒకటే, ఇద్దరి చాల్ కలపడం.

ఇప్పుడు పిల్లలు అడిగే ‘హై స్టాల్’ సంగతి. చక్రాలు కదలకుండా పట్టి ఉంచి పూర్తి రేస్ ఇస్తే, ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం దాకా పోయి ఆగుతుందో అదే స్టాల్ స్పీడ్. ఇది మీ బండి మీద చేసి చూడకండి, సెకన్లలో గేర్‌బాక్స్ ఆయిల్ కాలిపోయేంత గరం అవుతుంది. కంపెనీ కన్వర్టర్లలో ఇది మామూలుగా 1,600 నుంచి 2,200 మధ్య ఉంటుంది. తేజీ కోసం అమ్మే రోడ్డు కన్వర్టర్లు 2,500 నుంచి 3,500. రేసు బండ్లవి 4,000 కూడా దాటుతాయి.

లారీ నడిపిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఘాట్ రోడ్డు మీద లోడు బండిని లేపేటప్పుడు ఏం చేస్తారు? హాఫ్ క్లచ్‌లో ఉంచి, రేస్ పెంచి, ఇంజన్‌కి దమ్ వచ్చాక వదులుతారు. హై స్టాల్ కన్వర్టర్ అంటే ఎప్పుడూ తయారుగా ఉండే హాఫ్ క్లచ్. ఓ పెట్రోలు ఇంజన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర 300 న్యూటన్ మీటర్లు, 2,800 దగ్గర 400 ఇస్తుందనుకుందాం. కన్వర్టర్ రెండింతలు చేస్తే, 1,800 స్టాల్‌తో లేచేటప్పుడు గేర్‌బాక్స్‌కి అందేది 600, 2,800 స్టాల్‌తో అయితే 800. ఇంజన్‌లో ఒక్క బోల్టు మారలేదు, కానీ మొదటి తోపు మూడో వంతు పెరిగింది. కాబట్టి పికప్ పెరిగిందని కుర్రాడు చెప్పేది వహమ్ కాదు, నిజమే. అయితే ఇంజన్ పూర్తి తాకత్ మాత్రం వీసమెత్తు పెరగలేదు. పెరిగింది లేచే జోరు. ఈ రెండింటికీ ఫరక్ తెలియనివాడు కన్వర్టర్ జోలికి పోకూడదు.

ఇది నిజంగా కావల్సిన జాగా ఒకటి చెప్తాను. అబూధాబీలో లివా దగ్గర తల్ మొరీబ్ అని దాదాపు 300 మీటర్ల ఇసుక గుట్ట ఉంది. దాని మీదికి బండ్లెక్కించే పోటీలు జరుగుతాయి. అక్కడికొచ్చే నిస్సాన్ ప్యాట్రోల్ బండ్లలో 4.8 లీటర్ల టీబీ48 ఇంజన్‌కి పెద్ద టర్బో బిగిస్తారు. పెద్ద టర్బో కింది ఆర్‌పీఎంలో నిద్రపోతుంది, పైకి పోయాకే లేస్తుంది. ఇసుకలో మెల్లగా కదిలి తర్వాత జోరందుకుందాం అంటే టైరు దిగబడుతుంది. అందుకే బండి కదలకముందే ఇంజన్‌ని పైకి తీసుకుపోయి టర్బోని లేపే కన్వర్టర్ కావాలి. కంపెనీ గేర్‌బాక్స్ తీసేసి, జనరల్ మోటార్స్ 1964లో తెచ్చిన టర్బో 400 ఆటోమేటిక్‌ని, దానికి తగిన కన్వర్టర్‌తో బిగించేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఇది షౌక్ కాదు, జరూరత్.

అదే మాట వాట్సాప్‌లో కడపకో గుంటూరుకో వచ్చి ఇంటి ముందున్న ఇన్నోవా మీద పడితే? 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా 2.8 డీజిల్ ఆటోమేటిక్‌నే తీసుకోండి. దాని పూర్తి టార్క్, 360 న్యూటన్ మీటర్లు, 1,200 ఆర్‌పీఎం నుంచి 3,400 దాకా అందుతుంది. అంటే ఇంజన్ కిందనే పూర్తి దమ్‌తో ఉంది. దాన్ని 3,000 దాకా పరుగెత్తించి లేపితే వచ్చే ఫాయిదా ఏముంది? మోత పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, గేర్‌బాక్స్ గరం అవుతుంది. ఇసుకలో ఇలాజ్ అయింది ఇక్కడ బీమారీ అవుతుంది.

ఇంకా ముందు అడగాల్సిన సవాల్ ఒకటుంది. అసలు మీ బండిలో కన్వర్టర్ ఉందా? క్లచ్ పెడల్ లేని బండి ప్రతిదీ ఒకటే రకం ఆటోమేటిక్ కాదు. మనకి 2014లో సెలేరియోతో మొదలైన ఏఎంటీలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌ని మనిషి కాలు బదులు యంత్రం తొక్కుతుంది. అందులో కన్వర్టర్ లేదు. రెండు క్లచ్‌లుండే డీసీటీలో లేదు. సీవీటీల్లో కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. లేని చీజ్‌ని మారుస్తానని ఎవరన్నా అంటే మీ బండి తీసుకుని బయటికొచ్చేయండి.

నుక్సాన్ హిసాబ్ కూడా సాఫ్‌గా చూద్దాం. ఇంపెల్లర్ ఎక్కువ తిరిగి టర్బైన్ తక్కువ తిరిగితే మధ్యలో పోయిన తాకత్ అంతా వేడిగా మారుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ 80, 90 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. 120 దాటితే దాని ఉమర్ గబగబా తరిగిపోతుంది, ఆ తర్వాత సీళ్లు, క్లచ్ ప్లేట్లు. కాబట్టి హై స్టాల్ పెట్టాలంటే విడిగా ఆయిల్ కూలర్ పెట్టాల్సిందే. కన్వర్టర్‌కి డబ్బులుండి కూలర్‌కి లేవంటే, రెండింటికీ లేనట్టే లెక్క.

ఇంకో ముక్క. కొత్త బండ్ల కన్వర్టర్లలో లాకప్ క్లచ్ ఉంటుంది. హైవే మీద జారుడు ఆపేసి ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఒకటిగా బిగిస్తుంది. చవగ్గా దొరికిందని లాకప్ లేని కన్వర్టర్ వేయిస్తే, విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా దారంతా ఆయిల్ కాస్తూనే పోతారు. లాకప్ ఉన్నదే వేయించినా, గేర్లు ఎప్పుడు మారాలో చెప్పే కంప్యూటర్‌కి కొత్త హిసాబ్ నేర్పించాలి. వారంటీ ఉన్న బండైతే ఆ వారంటీకి ఖుదా హాఫిజ్ చెప్పేయాలి.

బిగించడంలోనూ ఉంది అసలు హునర్. కన్వర్టర్ గేర్‌బాక్స్ మీద మూడు మెట్లుగా కూర్చోవాలి. టర్బైన్ పళ్లు ఒకటి, స్టేటర్ పళ్లు రెండు, ఆయిల్ పంపు గాడి మూడు. మూడోది పడకుండానే బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. కూర్చున్నాక ఫ్లెక్స్ ప్లేటుకీ దానికీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు మిగిలిందో లేదో కొలిచి చూసే ఉస్తాద్, చూడని ఉస్తాద్ - ఈ ఇద్దరి మధ్య ఫరక్ ఒక గేర్‌బాక్స్ ఖరీదు.

‘నంబరు ఎంత పెద్దదైతే అంత తేజీ’ అని వాదించే కుర్రాళ్లున్నారు. వాళ్లకి నా జవాబ్ ఇది. అదే కన్వర్టర్‌ని బలమైన ఇంజన్ వెనక పెడితే స్టాల్ పెరుగుతుంది, బలహీనమైన ఇంజన్ వెనక పెడితే తగ్గుతుంది. డబ్బా మీద 3,000 అని రాసి ఉన్నంత మాత్రాన మీ బండిలో 3,000 రాదు. మీ పని జరిగే అతి తక్కువ స్టాలే మీకు మంచి స్టాల్. ఇంకో సంగతి. పికప్ పోయిందని ఏడ్చే బండ్లలో కొన్నింటికి రోగం కన్వర్టర్‌లో ఉండదు, టైర్లలో ఉంటుంది. 31 అంగుళాల టైర్లు తీసి 35 అంగుళాలవి వేస్తే, తోపు సుమారు 11 శాతం పోతుంది. దానికి మందు క్రౌన్ పినియన్. 3.08 క్రౌన్ తీసి 3.73 వేస్తే ప్రతి గేరులోనూ 21 శాతం తోపు పెరుగుతుంది. హైవే మీద ఇంజన్ కొంచెం ఎక్కువ తిరుగుతుంది, అది దాని కీమత్.

ఇక్కడ ఘర్‌వాలే వినాల్సిన మాట ఒకటుంది. మనకి ఒక పాత ఆదత్ ఉంది. పార్ట్‌కి డబ్బిస్తాం, మాటకివ్వం. ఉస్తాద్ అరగంట బండి నడిపి, వాసన చూసి, ఆయిల్ రంగు చూసి, ‘దీనికి కన్వర్టర్ వద్దు బేటా, టైర్లు మార్చు చాలు’ అంటే, షుక్రియా చెప్పి చాయ్ తాగి వచ్చేస్తాం. ఆయన ముప్ఫై ఏళ్ల తజుర్బా మనకి ముఫ్త్. పార్ట్ అమ్మితేనే ఆయన ఇంట్లో చూల్హా వెలుగుతుందంటే, రేపు ఇంకొకడికి ఆయన ‘వద్దు’ అని ఎందుకు చెప్తాడు? విజయవాడ ఆటోనగర్‌లోనైనా షార్జా సనయ్యాలోనైనా నిజాయితీగా ‘వద్దు’ అనే ఉస్తాద్‌లు తగ్గిపోతే, ఆ కసూర్‌లో సగం మనది. మష్వరాకి ఫీజు ఇవ్వండి. డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇచ్చి వస్తున్నాం కదా.

ఉస్తాద్‌లకీ ఒక అర్జీ. మీ అందాజా గొప్పదే, కాదనను. కానీ కన్వర్టర్ అందాజాతో కుదిరే చీజ్ కాదు. బండి బరువు, ఇంజన్ ఏ ఆర్‌పీఎంలో దమ్ ఇస్తుందో, క్రౌన్ నిష్పత్తి, టైరు ఎత్తు, బండి వాడకం - మంచి కన్వర్టర్ కట్టేవాళ్లు ముందు అడిగేవి ఇవే. వీటిని నోటు పుస్తకంలో రాయండి. ఏది వేశారో, వేశాక ఆయిల్ ఎంత గరం అయిందో కూడా రాయండి. చేతిలోనే ఉండిపోయిన ఇల్మ్ ఆ చేతితోనే పోతుంది. కాగితం మీద పెట్టింది షాగిర్ద్‌కి మిగులుతుంది.

అబ్బాలకీ అమ్మీలకీ చివరి మాట. కొడుకు డబ్బడిగితే కసురుకోకండి, వెంటనే ఇచ్చేయకండి కూడా. ఒక కాగితం మీద ఆ అయిదూ రాసి తెమ్మనండి. రాయలేకపోతే డబ్బు ఆగాలి, ఎందుకంటే వాడు కొనబోయేది నంబరు మాత్రమే. రాసి తెచ్చి, ఈ బండికి ఈ స్టాల్ ఎందుకో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, వాడిది షౌక్ ఒక్కటే కాదు, హునర్ కూడా. అప్పుడు ఆపకండి. కూలర్ డబ్బులు కూడా కలిపి ఇవ్వండి.