ఒకడు మంచం పట్టినప్పుడు

ఒక బృందం చెదిరిపోవడానికి బయటినుంచి శత్రువు రానక్కర్లేదు. లోపలివాళ్ళ మనసుల్లో ఒకరి మీద ఒకరికి కినుక పేరుకుంటే చాలు. ఈ మాటకు సాక్ష్యంగా ఇంగ్లండ్‌లోని ఒక సంగీత బృందం సంగతి చెబుతాను. దాని పేరు బౌహౌస్.

1978 చివర్లో నార్తాంప్టన్ అనే ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు కలిశారు. పాడేవాడు పీటర్ మర్ఫీ. గిటార్ డేనియల్ యాష్, బేస్ గిటార్ డేవిడ్ జె, డ్రమ్స్ అతని తమ్ముడు కెవిన్ హాస్కిన్స్. కలిసిన కొద్ది వారాలకే, 1979 జనవరిలో, తొమ్మిది నిమిషాలకు పైగా సాగే ఒక పాట రికార్డు చేశారు. డ్రాక్యులా వేషంతో పేరుపొందిన పాతకాలం నటుడు బేలా లుగోసీ మీద కట్టిన పాట అది. దాన్ని విడుదల చేసింది పెద్ద కంపెనీ కాదు, స్మాల్ వండర్ అనే చిన్న సంస్థ. అయినా స్వతంత్ర సంస్థల పట్టికలో ఆ పాట చాలాకాలం నిలిచింది. పంక్ ఆవేశం చల్లారాక పుట్టిన ఈ చీకటి సంగీతానికి తర్వాత గోతిక్ రాక్ అనే పేరు స్థిరపడింది. ఆ మార్గానికి మొదటి రాయి ఇదేనని చాలామంది అంటారు.

"నల్లబట్టలు వేసుకుని చావు గురించి పాడితే ఇంకేమవుతుంది, పాడైపోతారు" అని మనలో కొందరు వెంటనే తీర్పు చెప్పేస్తారు. నేను ఒప్పుకోను. చీకటి గురించి పాడినందుకు వాళ్ళు విడిపోలేదు. వెలుగు ఒక్కడిమీదే పడినప్పుడు వచ్చింది చిక్కు.

1982లో డేవిడ్ బోవీ పాట జిగ్గీ స్టార్‌డస్ట్‌ను వీళ్ళు తిరిగి పాడితే బ్రిటన్ పట్టికలో 15వ స్థానానికి వెళ్ళింది. అదే ఏడాది వచ్చిన ఆల్బమ్ 4వ స్థానం అందుకుంది. మర్ఫీ ముఖం క్యాసెట్ల ప్రకటనలో కనిపించింది. ది హంగర్ అనే సినిమాలో నలుగురూ వాయించారు, కెమెరా మాత్రం ఎక్కువగా మర్ఫీనే చూపించింది. మిగతా ముగ్గురికీ మనసులో ముల్లు దిగింది.

అంతలో మర్ఫీకి న్యుమోనియా వచ్చింది. తర్వాతి ఆల్బమ్ పని ఆగలేదు. యాష్, డేవిడ్ జె ముందుండి నడిపించారు, కొన్ని పాటలు తామే పాడారు. 1983 జూలై 5న లండన్‌లోని హామర్‌స్మిత్ పాలేలో ఆఖరి కచేరీ చేసి విడిపోయారు. ఆల్బమ్ వచ్చింది కూడా ఆ నెలలోనే.

న్యాయంగా మాట్లాడుకుందాం. ఒకడు మంచం పట్టాడని అందరి పనీ ఆగాలా? స్టూడియోకు డబ్బు కట్టాలి, కాలం ఎవరికోసమూ ఆగదు. పైగా ఆ ముగ్గురికీ సత్తా ఉంది. తర్వాత లవ్ అండ్ రాకెట్స్ పేరుతో చేసిన ఒక పాట 1989లో అమెరికాలో 3వ స్థానానికి చేరింది. కాబట్టి పని సాగించడం తప్పని నేను అనను. అయితే పాత కినుక తీరకముందే ఒకడి చోటు నింపితే, అది సాయంలా కనిపించదు, తోసేసినట్టే కనిపిస్తుంది. లేచి వచ్చినవాడికి తన చోటు తనకు ఉండాలి.

1985లో మళ్ళీ కలుద్దామని రిహార్సల్ పెట్టుకుంటే మర్ఫీ రాలేదు. 1998లో కలిశారు, మళ్ళీ విడిపోయారు. 2008లో కొత్త ఆల్బమ్ బయటికొచ్చేసరికి బృందమే లేదు. 2019లో మరోసారి ఒకటయ్యారు. 2022లో అమెరికా పర్యటన సిద్ధంగా ఉండగా మర్ఫీ ఆరోగ్యం కోసం చికిత్సా కేంద్రంలో చేరాడు. ఈసారి పర్యటననే రద్దు చేశారు.

ఆ రద్దు వెనక వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో మనకెందుకు? 1983లో పాడేవాడు లేకుండా పని సాగింది, 2022లో పాడేవాడి కోసం పని ఆగింది. నా లెక్కలో ఈ రెండోదే పెద్ద విషయం.

ప్రియులారా, మీరు కలిసి పాడే చోట, కలిసి పనిచేసే చోట ఈ వారం ఎవరు రాలేదో చూడండి. అతని చోటు ఎవరితో నింపాలా అని ఆలోచించే ముందు, ఒక్కసారి అతని ఇంటికి వెళ్ళి రండి.