కోతకూలి వైద్యమును వృద్ధసైనికుల ఋణమును

లోకమునందు కొన్ని వ్యాధులకు గౌరవము గలదు, కొన్నింటికి లేదు. గుండెజబ్బనినచో నెల్లరును ఉలికిపడుదురు. ఊపిరితిత్తుల రాచపుండనినచో కన్నీరు గార్తురు. చర్మపు రాచపుండనినచో మాత్రము, అది యొక పులిపిరివంటిది, గీకి పాఱవేసిన సరిపోవునని పెదవి విఱుతురు. ఈ తేలికచూపే నేడు అమెరికా సంయుక్తరాష్ట్రములయందలి మాజీసైనికుల వైద్యశాలలకు ముప్పు దెచ్చుచున్నది. అట్టి వైద్యశాలయందు చర్మపు రాచపుండ్లను కోయుటయే వృత్తిగా గలవారిలో మేమును జేరినవారము గావున, ఈ విషయమున మాకు దోచిన సత్యమును దాచక చెప్పుట మా విధి యని తలంచుచున్నాము. మా కొలువు నిలుపుకొనుటకై వ్రాయుచున్నామని యనువారు అందురు గాక. బయటి యంగడిలో మా కత్తికి ఇంతకంటె నెక్కువ వెల గలదని వారును ఎఱుగుదురు.

మొదట ఈ వ్యాధి యెట్టిదో చూతము. చర్మమునకు వచ్చు రాచపుండ్లలో ముఖ్యమైనవి మూడు: బేసల్ సెల్ కార్సినోమా, స్క్వామస్ సెల్ కార్సినోమా, మెలనోమా. మొదటిది మెల్లగా పెరుగును. ప్రాణము దీయుట మిక్కిలి యరుదు. కాని యుపేక్షించినచో ముక్కును, కనుఱెప్పను, చెవిని కొంచెము కొంచెముగా తినివేయును. రెండవది లోతుకు దిగి గ్రంథులకు ప్రాకగలదు. మూడవది పై రెంటికంటె నరుదైనను మిక్కిలి క్రూరమైనది. తెల్లచర్మము గలవారియం దీ మూటికిని ప్రధానకారణము ఎండ. ఎండచే చర్మకణముల కైన హాని అప్పటికప్పుడు కానరాదు. అప్పువలె పేరుకొని, ముప్పది నలువది యేండ్లకు వడ్డితో గూడ బయటపడును. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిని చలిదేశమునుండి కొనిపోయి పసిఫిక్ ద్వీపములయందును, వియత్నాం పొలములయందును, ఇరాకు కువైటు ఎడారులయందును నెలల తరబడి నిలువబెట్టినది ప్రభుత్వమే కదా! గుండు దెబ్బ మచ్చ చూపినవానికి వెంటనే ఋణపడియున్నా మని చెప్పు ప్రభుత్వము, ఎండ దెబ్బ మచ్చ చూపినవానికి "ఇది నీ ముసలితనపు రోగము" అని యేల చెప్పవలయును? గుండు ఒకనాడు తాకినది. ఎండ ప్రతిదినము తాకినది. భేద మింతియే.

2022వ సంవత్సరమున చేయబడిన ప్యాక్ట్ చట్టము, యుద్ధభూములయందు చెత్తకుప్పలను తగులబెట్టిన గుంటల పొగకు లోనైన సైనికుల విషయమున మెలనోమాను కొలువువలన వచ్చిన రోగముగా భావించుట కంగీకరించినది. అది మెచ్చదగినదే. ఐనను అది పొగను గూర్చిన యంగీకారము. ఎండను గూర్చిన ఋణము మాట వేఱు. ఆ ఋణమును దీర్చు స్థలము న్యాయస్థానము కాదు, వైద్యశాల. యుద్ధభారమును మోసినవారి పోషణము ప్రజల ధర్మమని 1865వ సంవత్సరమున లింకను మహాశయుడు చెప్పియుండెను. ఆ ధర్మమునకు ఇటుకలు సున్నము చేర్చి కట్టిన రూపమే నేటి సుమారు 170 మాజీసైనికుల వైద్యశాలలు. తొంబదిలక్షలకు పైబడిన మాజీసైనికులు ఆ సంస్థయందు పేర్లు నమోదు చేయించుకొనియున్నారు.

ఇక మా శస్త్రవిధానము. దీనిని కనిపెట్టిన ఫ్రెడరిక్ మోస్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువాడు. ఆయన 1936లో రోగులకు దీనిని చేయ నారంభించి, 1941లో ప్రకటించెను. ఆ దినములలో జింక్ క్లోరైడు లేపనముతో కండను స్థిరపఱచి, మఱునాడు కోసి పరీక్షించెడివారు. పిమ్మట లేపనము లేకయే పచ్చికండను అప్పటికప్పుడు గడ్డగట్టించి పరీక్షించు పద్ధతి వచ్చినది. 1974లో ట్రోమోవిచ్, స్టెగ్‌మన్ అను వైద్యులు దాని ఫలితములను ప్రకటించిన పిమ్మట అదియే వ్యాపించినది. పుండున్నచోట మాత్రమే మత్తుమందిచ్చి, పళ్లెము ఆకారమున పలుచని పొరను దీసి, అంచులకు రంగులు పూసి, పటము గీసి, అడుగుభాగమును అంచును పూర్తిగా కనబడునట్లు తఱిగి, శస్త్రవైద్యుడే సూక్ష్మదర్శినిలో చూచును. వ్యాధి యెచ్చట మిగిలినదో అచ్చటనే మఱియొక పొర తీయును. మిగులనిచో ఆపును. ఆరోగ్యమైన కండ మిగులును, రోగము పోవును. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ రాచపుండునకు దీనిని మించిన చికిత్స లేదు.

ఇంత యుత్తమమైన విధానమునందే యొక యపాయము దాగియున్నది. కోయువాడును తానే, పరీక్షించువాడును తానే, ఇంకను మిగిలినదని తీర్పు చెప్పువాడును తానే. బయటి వైద్యమునందు పొరకింత యని వెల గట్టుదురు. ఒక్క పొరతో ముగిసినదానికంటె మూడు పొరలు తీసినదానికి సొమ్ము హెచ్చు. వైద్యులందఱు దురాశాపరులని మేము చెప్పుట లేదు. బయట పనిచేయు సత్పురుషుల నెందఱనో యెఱుగుదుము. కాని ధర్మమును ప్రతిదినము సొమ్ముతో పందెమునకు దింపి, అది యెల్లప్పుడు గెలువవలయు నని కోరుట వివేకమా? న్యాయాధిపతికి శిక్షకింత యని కూలి యిచ్చినచో కారాగృహములు నిండవా? మాజీసైనికుల వైద్యశాలలో కోతకింత యని కూలి లేదు. జీతము నియతమైనది. "కోయుదము" అను మాటకును "వద్దు" అను మాటకును అచ్చట వెల యొక్కటియే.

ఈ "వద్దు" అను మాట యెంత యమూల్యమో చదువరులు ఆలోచింపవలయును. తొంబదియేండ్ల వృద్ధుడు, గుండె బలహీనము, జ్ఞాపకశక్తి తప్పుచున్నది, వీపుమీద చిన్న ముత్యమువంటి కురుపు. దానిని పరీక్షింపగా బేసల్ సెల్ అని తేలినది. అది యాతనికి నొప్పి కలిగించుట లేదు. ఆతని యాయువు ముగియులోపల అది చేయగల కీడు స్వల్పము. కోసినచో కట్టు, కుట్లు, నెత్తురు పలుచబఱచు మందుతో తంటా, మానని పుండు. అట్టివానికి కావలసినది కత్తి కాదు, ప్రక్కన గూర్చుండి మాటాడు వైద్యుడు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఆయువు కొలదిగా మిగిలిన వృద్ధులకును తక్కినవారివలెనే హెచ్చుగా శస్త్రచికిత్సయే చేయబడుచున్నట్లు తేలినది. ఆ పరిశోధనలో మాజీసైనికుల వైద్యశాల రోగులును గలరు. కావున నియతవేతన మొక్కటియే చాలదని మేమును ఒప్పుకొందుము. కోయుట యలవాటైన చేతికి ఆగుట కష్టము. ఐనను, ఆగదలచినవానికి నష్టము లేకుండుట మొదటి మెట్టు. ఆ మెట్టునే పడగొట్టి, మేడ యెక్కుడని చెప్పుట యెట్టి సంస్కారము?

ప్రతిపక్షుల వాదమును దాచము. 2014లో ఫీనిక్స్ నగరపు మాజీసైనికుల వైద్యశాలలో, రోగులు నెలలతరబడి వేచియుండగా, ఆ కాలమును మఱుగుపఱచు దొంగలెక్కలు బయలుపడెను. మంత్రి రాజీనామా చేసెను. అది సిగ్గుచేటు; దానిని సమర్థించువాడు సైనికుని మిత్రుడు కాడు. ఆ యేడే యొక చట్టమును, 2018లో మఱియొక చట్టమును వచ్చి, దూరమునను ఆలస్యమునను బాధపడు సైనికుని ప్రభుత్వపు ఖర్చుతో బయటి వైద్యునికడకు పంపు మార్గము నేర్పఱచెను. ప్రత్యేకవైద్యమునకు సగటున అఱువది నిమిషముల ప్రయాణమును, లేక ఇరువదియెనిమిది దినముల నిరీక్షణమును దాటినచో బయటికి పోవచ్చు నని 2019లో నియమము చేసిరి. పల్లెటూరి వృద్ధుని నాలుగుగంటలు కారులో కూర్చుండబెట్టుట ధర్మము కాదు. అట్టివానిని తప్పక పంపవలయును.

కాని మినహాయింపుగా వచ్చినది మర్యాద యగుచున్నది. మర్యాద యైనది రేపు శాసన మగును. ప్రభుత్వవైద్యుడు సోమరి, అంగడివైద్యుడు చురుకైనవాడు అని వారి వాదము. కానిండు, సోమరితనము లెక్కకు దొరకును. ఎందఱు వేచియున్నారో, ఎన్నిదినములు వేచిరో కాగితముపై కనబడును, కనబడినది దిద్దవచ్చును. అక్కఱలేని కోత యే కాగితముపైనను కనబడదు. అది విజయవంతమైన శస్త్రచికిత్స యనియే వ్రాయబడును. రోగియు కృతజ్ఞతతో నమస్కరించి పోవును. కనబడు దోషమునకు వెఱచి, కనబడని దోషమును కౌగిలించుకొనుట తెలివి కాదు.

మఱియు, బయటికి పోయిన సైనికుడు పోగొట్టుకొనున దేమి? మా రోగి మెలకువతోనే యుండును. ముఖముపై గుడ్డ కప్పుదుము; నెత్తురు నిలుపుటకై విద్యుత్సాధనముతో కాల్చుదుము; కాలిన కండ వాసన వచ్చును. ఆ వాసన పూర్వ మెచ్చటనో యెఱిగినవాని మనస్సునం దేమి మేల్కొనునో, యుద్ధరోగులతో ఏండ్లు గడపిన దాదికి తెలియును. ముందుగనే చెప్పును, చేయి పట్టుకొనును. ఆతని గుండె చీటి, మనోవ్యాధి చీటి, మందుల పట్టిక యన్నియు ఒక్క కప్పుక్రిందనే యుండును. ఇది యంగడిలో దొరకు సరకు కాదు. అంతియ కాదు: అమెరికా వైద్యులలో పెక్కుమంది తమ శిక్షణములో కొంతభాగ మీ వైద్యశాలలలోనే గడపుదురు. రోగులను బయటికి తఱిమినచో కండను తఱుగు నిపుణుడు వెడలిపోవును, ప్రయోగశాల మూతపడును, విద్యార్థి చేయి పదునెక్కదు. అప్పుడు, చూచితిరా, ప్రభుత్వవైద్యశాలకు చేతకాదు అందురు. కాళ్లు విఱుగగొట్టి కుంటివాడని నిందించుట యిదియే కాదా?

ఇంకొకటి. 2018లో ప్రకటింపబడిన మాజీసైనికుల వైద్యసంస్థ పరిశోధనలో, పూర్వము చర్మపు రాచపుండ్లు వచ్చిన 932 మంది పాల్గొనిరి. ఫ్లోరోయురాసిల్ అను లేపనమును దినమునకు రెండుమార్లు చొప్పున, నాలుగువారములకు మించకుండ, ముఖమునకును చెవులకును పూయించిరి. మొదటి యేటిలో శస్త్రచికిత్స కావలసిన స్క్వామస్ సెల్ రాచపుండ్లు నూటికి డెబ్బదియైదు వంతున తగ్గెను. ముఖ మెఱ్ఱబాఱి మండును, ఓర్పు కావలయును, ఐనను కత్తి తప్పును. ఈ పరిశోధనము మాజీసైనికుల సంస్థలోనే జరుగుట కాకతాళీయమా? రోగిని జీవితాంతము పోషింపవలసినవానికే రోగము రాకుండ జేయుటయందు లాభము గలదు. కోతకు కూలి పుచ్చుకొనువానికి లేపనపు గొట్టమువలన లాభ మేమి?

"అమెరికా తగవు తెలుగువారి కేల?" అని కొందఱడుగుదురు. మన దేశమునందు మాజీసైనికులకై 2003లో ఏర్పడిన ఇ.సి.హెచ్.ఎస్. పథకమునందును చిన్నవైద్యమునకు పాలిక్లినిక్కులు, పెద్దవైద్యమునకు ప్రయివేటు ఆసుపత్రులును గలవు. ఇంటింటి నుండి సైన్యమునకు బిడ్డల నిచ్చిన మాధవరమువంటి గ్రామములు మనకును గలవు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీయందును శస్త్రమున కింత యని ప్యాకేజీ గలదు. ఆ పథకమువలన బ్రతికిన పేదలను మేము మఱువము. కాని శస్త్రమునకు వెల గట్టి, మాటకును మందునకును ఓపికకును వెల గట్టని యేర్పాటు ఏ దేశమునందైనను ఒక్క ఫలమునే యిచ్చును. మన నల్లచర్మమునకు ఎండవలన వచ్చు రాచపుండు తక్కువయే. కాని కాలిన మచ్చలయందును, అరికాళ్లయందును అది మనకును వచ్చును, ఆలస్యముగా కనబడును. దానిని ముందుగా చూచుటకు ప్యాకేజీ అక్కఱలేదు, చూచు కన్నులు కావలయును.

కావున మేము కోరునవి నాలుగు. కొలువులోనున్న సైనికునకు తుపాకితోబాటు వెడల్పంచు టోపీయు, చర్మరక్షణ లేపనమును విధిగా ఇచ్చి, వాడించునది సేనాధిపతి బాధ్యత యగుగాక. దూరపు సైనికుని మచ్చను ఛాయాచిత్రముతో పరీక్షించు ఏర్పాటు ప్రతి చిన్న వైద్యశాలకును విస్తరించుగాక. బయటికి పంపిన ప్రతి రోగికిని ఎన్ని పొరలు తీసిరో, ఏల తీసిరో లెక్క చెప్పవలయునని శాసించుగాక. ఆ లెక్క మాకును వర్తించుగాక. బయట వ్యయము చేయు ప్రతి డాలరునకు సరిగా లోపలి ప్రయోగశాలలను, వైద్యులను పెంచుటకు ధనము కేటాయింపబడుగాక.

ఇవి యసాధ్యములు కావు. యుద్ధమునకు పంపునాడు ఖర్చెంత యని యెవరును అడుగలేదు. తిరిగివచ్చినవాని ముక్కు తుదనున్న పుండు చూచునాడు మాత్రము ఖర్చు లెక్కలు తీయువారికి, ఆ పుండు ఎవరి యెండలో పుట్టినదో జ్ఞప్తికి దెచ్చుటకే యీ నాలుగు మాటలు వ్రాసితిమి.