మౌఖిక పరీక్షకు ముసుగేల?

ఢిల్లీ నగరమున షాజహాను రోడ్డునందలి ధోల్‌పూరు హౌసు మెట్లెక్కబోవు తెలుగు యువకునకు నేడు లభించుచున్న యుపదేశమేమి? ఇట్లు నవ్వవలెను, ఇట్లు కూర్చుండవలెను, ఇంగ్లీషు నీ యాసతో పలుకవలెను, దేశసేవనుగూర్చి యడిగినచో నీ నాలుగు వాక్యములు వల్లింపవలెను! శిక్షణశాలలు ఈ సరకును మూటగట్టి విక్రయించుచున్నవి. తండ్రులు అప్పుచేసి కొనుచున్నారు. ఇది విద్యయా, వేషమా?

సివిలు సర్వీసుల పరీక్షలో వ్రాతకు 1750, మౌఖికమునకు 275, వెరసి 2025 మార్కులు. నూటికి 13కు మించిన యీ పాలు స్వల్పము కాదు. ఏండ్ల తరబడి చేసిన కృషి అరగంట మాటలలో తేలవచ్చును, మునుగవచ్చును. హర్యానా రాష్ట్రమున మౌఖికమునకు నూటికి 22కు మించి కేటాయించుట స్వేచ్ఛాచారమునకు తావిచ్చునని 1985లో అశోక్ కుమార్ యాదవ్ వ్యాజ్యెమున సుప్రీముకోర్టువారే యాక్షేపించిరి. కావున అభ్యర్థుల భయము నిష్కారణమని మేమనము. ఆ భయమును సొమ్ముచేసికొను వర్తకమునే నిరసించుచున్నాము.

ఇది ఎదురుపరీక్ష కాదనియు, సహజముగా సాగు సంభాషణమనియు, వ్రాతలో శోధించిన పాండిత్యమును మరల శోధించుటకుగాక అభ్యర్థి మనోగుణముల నెరుగుటకే యేర్పడినదనియు యూనియను పబ్లికు సర్వీసు కమిషనువారు తమ ప్రకటనమునందే తెలిపియున్నారు. న్యాయస్థానమున నిత్యము సాక్షులను చూచు మాకు దీని మర్మము తెలియును. వల్లించి వచ్చిన సాక్షి మొదటి ప్రశ్నకు ధారాళముగా పలుకును, రెండవదానికి తడబడును, మూడవదానికి తన మాటను తానే కాదనును. కన్నది చెప్పువాడు ‘నేనెరుగను’ అనుటకు జంకడు. అందుచేతనే వాని మాట నిలుచును.

మరి సన్నాహ మక్కరలేదా? తప్పక కావలయును! దరఖాస్తులో వ్రాసిన ప్రతి యక్షరమునకు అభ్యర్థియే పూచీదారు. తన జిల్లాలో ఏ కాలువ యే పొలమునకు పారునో, ఏ పంటకు ధర లేక రైతు క్రుంగుచున్నాడో, తాను చదివిన శాస్త్రము ప్రజలకెట్లు పనికివచ్చునో, కోరిన యుద్యోగమున మొదటి యేట చేయు పనియేదో తెలిసికొనవలెను. దీనికి గ్రంథాలయమును, దినపత్రికయు, తాసిల్దారు కచేరియు, ఊరి రచ్చబండయు చాలును. వీనియందు రుసుము లేదు.

ఇక భాషమాట. తెలుగున వ్రాసినవారు తెలుగుననే సమాధానము చెప్పవచ్చునని నిబంధనయే యున్నది. శ్రీకాకుళం జిల్లా పారసంబ గ్రామీణులగు రోణంకి గోపాలకృష్ణగారు తెలుగున పరీక్ష వ్రాసి, దుబాసీ సాయమున తెలుగుననే మాటాడి, 2017లో వెలువడిన ఫలితములలో దేశమున 3వ స్థానమందిరి. ఇక తెలుగు అడ్డంకియని యువకులను బెదరించువారికి సిగ్గు లేదా?

ముసుగుతో నెగ్గినవాడు రేపు ముసుగుతోనే జిల్లా నేలును. దాని ఫలము అర్జీ చేతబట్టి వచ్చిన బీదవాడనుభవించును. యువకులారా! ఎరువు వాక్యములను కట్టిపెట్టుడు. మీ యూరిని మీరు చదువుడు. చదివినదానిని నిర్భయముగా చెప్పుడు.