సంపాదకుని మాట: గీత గీస్తే దారి

ఈ సంచికను నింటెండో డీఎస్‌కు కేటాయించాం. 2004లో వచ్చిన ఈ రెండు తెరల చేతి గేమ్ యంత్రం 15 కోట్లకు పైగా అమ్ముడైంది. రెండు తెరల ఆలోచన మాత్రం పాతదే. నింటెండో రూపకర్త గున్‌పే యొకొయి చేసిన ‘గేమ్ అండ్ వాచ్’ చేతి ఆటల్లో 1982లోనే ఉంది. కొత్తదనం కింది తెరను తాకి ఆడగలగడం.

2005 నాటి ‘కర్బీ: కాన్వాస్ కర్స్’ చూడండి. గెంతించడానికి బటన్ లేదు. స్టైలస్‌తో ఇంద్రధనుస్సు గీత గీస్తే గుండ్రటి కర్బీ దాని మీద దొర్లుతుంది. సిరా పరిమితం, అయిపోతే మళ్లీ నిండేదాకా ఆగాలి. దారి పొదుపుగా గీయడమే ఇక్కడి నేర్పు. ప్లాట్‌ఫారమ్ గేమ్ అంటే గెంతడమే అన్న అలవాటును ఇంత ధైర్యంగా వదిలిన ఆట డీఎస్ మీద మరొకటి లేదని నా అభిప్రాయం. రెండు తెరలనూ బాగా వాడుకున్న ఆటలూ ఉన్నాయి. ‘సోనిక్ రష్’లో సోనిక్ ఒక తెర నుంచి ఇంకో తెరకు దూసుకుపోతాడు, చూపూ వెంట పరుగెత్తాలి. ‘యోషీస్ ఐలాండ్ డీఎస్’ రెండు తెరలనూ కలిపి ఒకే ఎత్తయిన లోకంగా చూపుతుంది.

3 కోట్లకు పైగా అమ్ముడైన ‘న్యూ సూపర్ మారియో బ్రదర్స్’ గురించి చాలామంది రాశారు. మీ ఇంట్లో పాత డీఎస్ ఉంటే, ముందుగా కర్బీని ఆడండి. ఎలా అనిపించిందో మాకు రాయండి.